గడప ముందటి జాగ ఎవలది?

సోమవారం వేములవాడ, మంగళవారం కొండగట్టు. పాత కరీంనగర్ జిల్లాలోనే కాదు, అటు ఆదిలాబాద్ నుంచి ఇటు హైదరాబాద్ దాకా ఎన్నో కుటుంబాల మొక్కు ఈ వరసలోనే సాగుతుంది. రాజన్నకు కోడెమొక్కు తీర్చుకొని, ఆ రాత్రికో తెల్లారో అంజన్న దగ్గరికి చేరుకుంటారు. మేడారం జాతర ముందు ఈ రెండు గుళ్లలో కాలు మోపడానికి చోటుండదు. కొండగట్టులో చైత్ర పౌర్ణమికి చిన్న హనుమాన్ జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. ఆ రోజుల్లో మాల విరమణకు వచ్చే దీక్షాపరులతో గుట్టంతా కాషాయమే. కొత్త కారు కొన్నా, ట్రాక్టరు కొన్నా తొలి పూజ ఇక్కడే చేయించాలనుకునేవాళ్లు చాలామంది. 2023 జనవరి 24న పవన్ కల్యాణ్ తన వారాహి వాహనాన్ని తెచ్చి పూజ చేయించింది కూడా ఇక్కడే. ఆ తర్వాతి నెలలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ వచ్చి, అంతకుముందు చెప్పిన 100 కోట్లకు తోడు మరో 500 కోట్లు ఇస్తామని ప్రకటించారు. గుడి ఎట్లా పెరగాలన్న మాట చాలాసార్లు వచ్చింది. గుడి కింద ఉండేవాళ్ల గల్లీ ఏమవ్వాలన్న మాట మాత్రం అరుదుగా వస్తుంది.

మల్యాల మండలం, ముత్యంపేట పరిధి. కరీంనగర్ నుంచి జగిత్యాల పోయే రహదారి పక్కన గుట్ట కింద ఇళ్లున్నాయి, దుకాణాలున్నాయి. అక్కడి ఒక గల్లీలో ఉండేవాళ్ల బండ్లకు స్టిక్కర్లిచ్చి, రద్దీ రోజుల్లో మిగతావాటిని బయటే ఆపితే ఎట్లా ఉంటుంది? ఈ ప్రశ్న మీద ఇద్దరిని ఎదురెదురుగా కూర్చోబెట్టాను. మనుషులు కల్పితం, వాళ్ల బాధ కల్పితం కాదు. అక్క రిటైరైన టీచరు, ఇల్లు ఆ గల్లీలోనే. తమ్మి ఆ ఇంటి కింది షట్టరు కిరాయికి తీసుకొని కొబ్బరికాయలు, పూజ సామాను అమ్ముతాడు. అతని ఇల్లు గుట్టవతలి ఊళ్లో.

అక్క: నేనడిగేది పెద్ద కోరికేం కాదు తమ్మీ. మంగళారం, శనివారం, రెండు జయంతులు. గా దినాలల్ల మా గల్లీల గల్లీవాళ్ల బండ్లే ఉండాలె. ఇంటికో స్టిక్కరు, దాని మీద పంచాయతి ముద్ర. స్టిక్కరు లేని బండి మెయిన్ రోడ్డు కాడనే ఆగాలె. అంతే.

తమ్మి: అంతే అంటవు గని అక్కా, గల్లీ పట్టా ఎవల పేరు మీద ఉన్నది? సీసీ రోడ్డు పోసింది సర్కారు పైసలతోని. గండ్ల నేను కట్టిన పన్ను ఉన్నది, ఆదిలాబాద్ నుంచి వచ్చే భక్తుడు కట్టిన పన్నూ ఉన్నది. నీ ప్రహరీ దాక నీది. ప్రహరీ దాటినంక అందరిది.

అక్క: అందరిదే. అందరిదంటే మా గేటుకు అడ్డం పెట్టే హక్కు కూడ అందరికి ఉన్నట్టేనా? నువ్వు పొద్దున ఎనిమిదింటికి షట్టరు లేపుతవు. అంతకుముందు ఏం జరుగుతదో నీకు తెల్వది. సోమారం రాత్రే వస్తరు. కారు మా గేటుకు ఆనిచ్చి పెట్టి, గుట్ట మీద నిద్ర చెయ్యవోతరు. అద్దం మీద ఫోన్ నంబరన్న ఉండదు. కొత్త కారైతే ఇంక కష్టం. గోడకు రాసుకుంటే గీత పడ్తదని గోడకు రెండు మూరలు ఎడంగ, గల్లీ నడిమిట్ల ఆపుతరు. బానెట్ మీద పసుపు తడి ఆరి ఉండదు, బంతిపూల దండ అద్దం మీద వేలాడుతుంటది. గా దండను చూసి నేనేమనగలుగుత? దేవుని దగ్గరికి వచ్చినోళ్లను తిట్టబుద్ధి కాదు.

తమ్మి: తిట్టకుంట పక్కకు తీయుమంటే తీస్తరు గదా.

అక్క: మనిషి గుట్ట మీద పండుకుంటే ఎవలకు చెప్పాలె? బావకు మంగళ, గురు, శనివారాలు డయాలిసిస్. పొద్దుగాల ఆరింటికి ఇల్లు ఇడవాలె. మిషిన్ మీద నాలుగు గంటలు. మనం ఆలిశ్యం చేస్తే మన తర్వాతి పేషెంటు ఆగుతడు. వారంల మూడు దినాలల్ల రెండు దినాలు గుట్ట రద్దీ దినాలే. దేవుని వారం నేను మార్చలేను, దవాఖాన వారం గూడ మార్చలేను. మొన్న మా కారు బయటికి రాక, ఆయనను చెయ్యి పట్టుకొని మెయిన్ రోడ్డు దాక నడిపించి ఆటో ఎక్కిచ్చిన. చేతికి డయాలిసిస్ కోసం పెట్టిన ఫిస్టులా ఉన్నది. ఎవలన్న తగుల్తరేమోనని గా చెయ్యిని నా కొంగుల పెట్టుకొని నడిచిన.

తమ్మి: బావ సంగతి నాకు తెల్వదా అక్కా? నేను కాదన్ననా? కని ఒక్క మాట అడుగుత, కోపం చెయ్యకు. గా దినం గేటుకు అడ్డం ఉన్న కారు భక్తునిది కాకుంట, మన గల్లీల మూడో ఇంటోనిది అయితే? దానికి నీ స్టిక్కరు కూడ ఉంటే? బావ అప్పుడు గూడ నడువవలసిందే గదా. స్టిక్కరు ఎవలు పెట్టాలెనో చెప్తది. ఎక్కడ పెట్టొద్దో చెప్పదు. నీ కష్టం రెండోది. నువ్వు అడుగుతున్నది మొదటిది.

సంవాదంలో మొదటి పట్టు తమ్మికి దొరికింది. నా మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఇంటి గేటులోంచి బయటికి రాగలగడం ఒక హక్కు. సొంత బండిని రోడ్డు మీద నిలుపుకోవడం ఇంకొకటి. మొదటిది ఇంటివాడికి, కిరాయిదారుకు, బండి ఉన్నవాడికి, లేనివాడికి, అందరికీ చెందాలి. దానికి స్టిక్కరు, రుసుము, గ్రామసభ తీర్మానం ఏవీ అక్కర్లేదు. గేట్ల ముందు పసుపు గీతలు గీసి, అంబులెన్సు పట్టేంత దారి ఒకవైపు ఎప్పుడూ ఖాళీగా ఉంచాలి. బండిని నిలుపుకోవడం మాత్రం పదిమంది జాగాను ఒకరు వాడుకోవడం. దాని గురించి బేరమాడవచ్చు, లెక్క చూడవచ్చు, పైసలు అడగవచ్చు. ఊళ్లలో పార్కింగ్ లొల్లి ఎక్కడ మొదలైనా ఈ రెండింటినీ ఒక్క ముడిలో కట్టేస్తారు. అందుకే గేటు ముందు అడ్డం పడిన కోపంతో మొదలైన అర్జీ, రోడ్డంతా మాకే కావాలన్న అర్జీగా ముగుస్తుంది.

అక్క: సరే, గేటు ముచ్చట వేరే రాద్దాం. కని మా కారు ఎక్కడ పెట్టాలె? బావ డయాలిసిస్ మీద పడ్డంకనే కొన్నం. సోకుకు కొన్నది కాదు.

తమ్మి: ఇల్లు కట్టినప్పుడు కారుకు జాగ ఎందుకు ఇడువలేదక్కా?

అక్క: గప్పుడు కారు ఎక్కడిది?

తమ్మి: కారు లేదు, నిజమే. కని జాగ ఉండె. గా జాగల రెండు షట్టర్లు ఏసిండ్రు. ఒక దాంట్ల నేనున్న, ఇంకో దాంట్ల మొబైల్ షాపు. నెలనెల కిరాయి వస్తున్నది. గల్లీల ఏ ఇల్లు చూసినా గదే కథ. దుబాయికి పోయినోళ్లు, మస్కట్‌కు పోయినోళ్లు పైసలు పంపితే ఇండ్లు లేచినయ్. కింద షట్టర్లు, పైన ఇల్లు, గోడకు గోడ. తర్వాత గవే పైసలతోని కారు వచ్చింది. కారు పెట్టే జాగను కిరాయికిచ్చి, గిప్పుడు రోడ్డును స్టిక్కరు మీద అడుగుతున్నరు. భక్తులతోని వచ్చే లాభం మీకే, భక్తుల బండ్లు మాత్రం వద్దంటే ఎట్ల?

అక్క: మాట కొంచెం గట్టిగనే అన్నవు.

తమ్మి: నీ షట్టర్లనే కూసొని అంటున్న, అక్కా. షట్టరు తీసేసి కారు పెట్టుకో అంటలేను. అట్లంటే నా బతుకే పాయె.

ఈ మాటకు సమాధానం ఒక దేశం 60 ఏళ్ల కిందటే చట్టంగా రాసుకుంది. కారు పెట్టుకోవడానికి రోడ్డు కాని సొంత జాగా ఉందని చూపించకపోతే కారు రిజిస్టర్ చేయబోమని జపాన్ 1962లో చట్టం తెచ్చింది. ఆ జాగా ఇంటికి రెండు కిలోమీటర్ల లోపు ఉండాలి. పోలీసులు కాగితాలు చూసి, అవసరమైతే స్థలం కూడా చూసి ధ్రువపత్రం ఇస్తారు. ఆ దేశపు నగరాల్లో ఇరుకు గల్లీలు మన గల్లీలకన్నా పెద్దవేమీ కావు. అయినా అక్కడ రాత్రిపూట రోడ్డు మీద కార్ల వరస కనపడదు. మనం ఆ నిబంధన తెచ్చినా అది వెనక్కి వర్తించదు. కట్టిన ఇళ్లు కట్టినట్టే ఉంటాయి. కానీ ఇకమీద కొనే కారుకైనా ఆ ప్రశ్న అడగకుండా స్టిక్కర్లు పంచుకుంటూ పోతే, ప్రతి స్టిక్కరూ ఇంకో కారు కొనమని చెప్పినట్టే అవుతుంది.

అక్క: మా బిడ్డ ఉండేది అమెరికాల, వర్జీనియా రాష్ట్రం ఆర్లింగ్టన్ల. అక్కడ గల్లీలను జోన్లుగా పంచుకున్నరు. జోన్ స్టిక్కరు లేని బండి పెడితే చలాన్ పడ్తది. నేను ఆరు నెలలు ఉండి వచ్చిన. ఒక్కనాడు గూడ ఎవలూ ఇంటి ముందట లొల్లి పెట్టుకోంగ సూడలే. ఇంటికొచ్చే సుట్టాలకు వేరే పాసులిస్తరు. గట్ల మనం చేస్తే తప్పేంది?

తమ్మి: గాడ కోర్టుకు ఎవ్వలు పోలేదా?

అక్క: పోయిండ్రు. ఆఫీసులకు వచ్చేటోళ్లు గల్లీలల్ల కార్లు పెట్టి పోతుంటే, అక్కడి కౌంటీ పర్మిట్ పెట్టింది. మాకు ఎందుకు అడ్డం చెప్తున్నరు, మేం మనుషులం కామా అని పెట్టుకునేటోళ్లు కేసు ఏసిండ్రు. రాష్ట్రంల వాళ్లే గెలిచిండ్రు. 1977ల సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. గల్లీల మోత, చెత్త, ప్రమాదం తగ్గాలెనని గల్లీవాళ్లకు, బయటోళ్లకు తేడా పెడితే అది పక్షపాతం కాదన్నది. నేను చెప్పేది గదే.

తమ్మి: గాడికి వచ్చేది ఆఫీసుకు పోయేటోడు. వానికి మెట్రో ఉన్నది, బస్సున్నది. గీడికి వచ్చేది పొలం పని ఇడిసిపెట్టి, ఇంటిల్లిపాది ట్రాలీ ఎక్కి ఏడాదికొకసారి వచ్చేటోడు. తేడా ఎవలకు పెడ్తున్నమో చూడు. ఇంకో ముచ్చట. నేను గల్లీవాణ్ణేనా, కానా?

అక్క: నువ్వు మావాడివే.

తమ్మి: కాయితం మీద? ఇల్లు గుట్టవతల. ఆధార్ల గా ఊరి పేరే. పదిహేనేండ్ల నుంచి నీ షట్టర్ల పొద్దున్నుంచి రాత్రి దాక ఉంటున్న. నా కొబ్బరికాయల ట్రాలీ దినాం రావాలె. నీ ఇంటి పైన కిరాయికున్న ఫార్మసీ పిల్లగాడు ఆర్నెల్లకోసారి ఇల్లు మారుస్తడు, వానికి స్టిక్కరు ఇస్తరా? మొబైల్ షాపోనికి? గుట్ట మీద క్షౌరం చేసే మంగలన్న కిందనే రూం తీసుకొని ఉంటడు, వానికి? పత్రం రాసేటోడు ఇంటి పన్ను రసీదు అడిగితే, గల్లీల సగం మంది గల్లీవాళ్లు కారు.

ఒక చోట నివసించడం అంటే ఏమిటన్నది ఈ పథకాలన్నింటిలోనూ చిక్కుముడి. ఇంటి పన్ను రసీదు అడిగితే ఓనర్లే మిగులుతారు. ఆధార్ అడిగితే కిరాయివాళ్లు జారిపోతారు. కరెంటు బిల్లు అడిగితే అదీ ఓనరు పేరు మీదే ఉంటుంది. గుట్టను నమ్ముకొని బతికేవాళ్లలో చాలామందికి ఇక్కడ కాగితం లేదు, పని మాత్రం ఇక్కడే. అడిగినవాళ్లందరికీ ఇచ్చేద్దామంటే ఏమవుతుందో అమెరికాలోని బోస్టన్ చూపించింది. అక్కడి బీకన్ హిల్ పేటలో ఉన్నవి 983 చోట్లు. నగరం ఇచ్చిన పర్మిట్లు 3,933. పార్కింగ్ మీద జీవితమంతా పనిచేసిన ప్రొఫెసర్ డొనాల్డ్ షూప్ ఈ లెక్కను పదేపదే చూపించేవారు. ఆయన 2025లో కన్నుమూశారు. ఒక చోటుకు నలుగురు పోటీపడే కాగితం చేతిలో ఉండి ఏం లాభం? అది పర్మిట్ కాదు, వెతుక్కోవడానికి ఇచ్చిన అనుమతి.

అక్క: అయితే ముందుగాల చోట్లు లెక్కపెడదాం. కారుకు ఐదు మీటర్లు పడ్తదనుకుందాం. వంద మీటర్ల గల్లీల ఒక్క దిక్కే పెడితే ఇరువై. గేట్లు, మూలమలుపులు, ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఇడిసిపెడితే?

తమ్మి: పన్నెండు. గట్టిగ కూర్చితే పద్నాలుగు. రెండో దిక్కు పెడితే అంబులెన్సు రాదు.

అక్క: ఇంటికొక్కటే ఇద్దాం. రెండో కారుంటే వాళ్ల పొలంల పెట్టుకోని.

తమ్మి: ఇంటికొక్కటి అంటే మూడంతస్తుల ఇల్లు ఒక ఇల్లా, మూడిండ్లా?

అక్క: పొయ్యికి ఒకటి. ఎవలు ఎవల పొయ్యి మీద వండుకుంటే వాళ్లది ఒక ఇల్లు. ఓనరైనా, కిరాయోడైనా. షాపుకు వేరే కాయితం, సామాను దించే పొద్దుటి పూట మాత్రం చెల్లాలె. నీ ట్రాలీ తొమ్మిదింటిలోపు వచ్చి పోవాలె.

తమ్మి: జయంతి నాడు మూడుసార్లు వస్తది.

అక్క: గా నాడు గల్లీల ఏ బండీ ఉండొద్దు. నీదీ, నాదీ.

తమ్మి: ఇగో, గీడనే నాకు భయం. మొదాలు జయంతి నాడు మాత్రమే అంటరు. తర్వాత మంగళారం అంటరు. తర్వాత దినాం. యాదగిరిగుట్టల చూసినం గదా. 2022 మార్చిల కొత్త గుడి తెరిచిండ్రు, ఆటోలను గుట్ట ఎక్కనియ్యలె. మే నెలల కారుకు గంటకు 500 రూపాయలు పెట్టిండ్రు. గంట దాటితే గంటకు వంద అన్నరు, జనం తిడితే గా వంద తీసేసిండ్రు. ఆటోలోళ్లు ఏండ్లు లొల్లి చేసిండ్రు. మళ్ల ఆటో గుట్ట ఎక్కింది 2024 ఫిబ్రవరిల. గా నడుమ ఎంతమంది కిస్తీలు కట్టలేక ఆటోలు అమ్ముకున్నరో ఎవలన్న లెక్క రాసిండ్రా? కారున్నోడు ఐదు వందలిచ్చి ఎక్కిండు. ఆటోల బతికేటోడు కింద నిలవడ్డడు.

అక్క: గది గుట్ట ఎక్కే తొవ్వ ముచ్చట. నేనడిగేది గల్లీ.

తమ్మి: మాకు తొవ్వ, గల్లీ వేరు గాదు అక్కా. 2018ల సెప్టెంబర్ 11. అది గూడ మంగళారమే. మన కొండగట్టు ఘాట్ రోడ్డు దిగుతున్న బస్సు లోయల పడింది. అరవై మందికి పైన పోయిండ్రు. బస్సుల వంద మందికి మీదనే ఎక్కిండ్రు. ఎందుకెక్కిండ్రు? గుట్టవతలి ఊళ్లకు ఇంకో బస్సు లేకనే. పోయినోళ్లల్ల ఎక్కువ మంది చుట్టుపక్కల ఊళ్లోళ్లు, జగిత్యాలకు పనుల మీద పోయెటోళ్లు. గా నాటి నుంచి గుట్ట తొవ్వ మీద ఏ కొత్త నిబంధన పెట్టినా మా ఊళ్లల్ల అందరికి ఒక్కటే అనుమానం. ముందుగాల మమ్ముల అడిగిండ్రా, అడుగలేదా? నీ గల్లీకి స్టిక్కరు పెడితే, నా బండి మెయిన్ రోడ్డు కాడ పెట్టాలె. నాకు ఫరక్ లేదు. కని జగిత్యాల దవాఖానకు పోనీకి బస్సు దిగిన ముసలవ్వ గల్లీల నుంచి పోవాలంటే, ఆమెకు ఎవలు చెప్పిండ్రు?

ఈ మాట తర్వాత అక్క కాసేపు ఏమీ అనలేదు. గుట్ట అవతలి ఊళ్లవాళ్లు ఈ దారిలో భక్తులూ కాదు, గల్లీ నివాసులూ కాదు. అయినా ఈ రోడ్డు మీద అందరికన్నా ఎక్కువ ఆధారపడేది వాళ్లే. మామూలుగా ఇట్లాంటి పథకం రాసేటప్పుడు ఊరివాళ్లు, వచ్చేవాళ్లు అని రెండే గడులు గీస్తారు. ఈ మూడోవాళ్లకు గడి ఉండదు. గ్రామసభలో వీళ్లు ఓటు వేయలేరు కూడా, వాళ్ల పంచాయతీ వేరు. పార్కింగ్ తీర్మానం చేసే ముందు పక్క పంచాయతీలను పిలిచి అడగాలని నా అభిప్రాయం.

అక్క: నడిచేటోళ్లకు ఏ అడ్డం లేదు. నడిచేటోళ్ల కోసమే నేను అడుగుతున్న. నువ్వే చెప్పు, నీ గిరాకి ఎవలు? కార్లు పెట్టుకొని గుట్ట మీదికి పోయేటోళ్లా, బస్సు దిగి నడిచి వచ్చేటోళ్లా?

తమ్మి: 2023 డిసెంబర్ల ఆడోళ్లకు బస్సు ఫ్రీ చేసినప్పటి నుంచి నడిచి వచ్చేటోళ్లు బాగ పెరిగిండ్రు. నిజమే. ఒక్కొక్క బస్సుల నుంచి గుంపు గుంపు దిగుతరు. కొబ్బరికాయ, పసుపు, కుంకుమ, పిల్లలకు గిలకలు.

అక్క: కారోడు?

తమ్మి: కారోడు ఇంటి నుంచే సామాను తెచ్చుకుంటడు. లేకుంటే గుట్ట మీద కొంటడు. కని కారు ఇక్కడ పెట్టి హోటల్ల తింటడు. హోటలోడు నీ అర్జీ మీద సంతకం పెట్టడు.

అక్క: కార్లను రోడ్డవతల ఖాళీ జాగల పెట్టిస్తే, హోటలు దాక నడిచే వస్తరు గదా. జయంతులప్పుడు ఎట్ల చేస్తున్నరు? కిందనే ఆపి, బస్సులల్ల గుట్ట మీదికి తీస్కపోతున్నరు. ఏడాదికి రెండుసార్లు చేతనైన పని, మంగళారం ఎందుకు చేతగాదు?

తమ్మి: జయంతికి జిల్లా పోలీసులంత దిగుతరు. మంగళారం నీ గల్లీ మొదట్ల ఎవలు నిలవడ్తరు? చలాన్ రాసేటోడు లేకుంటే నీ స్టిక్కరు ఒట్టి బొట్టుబిళ్ల. నేనే ఆపాలెనా? కొబ్బరికాయ కొననీకి వచ్చినోన్ని నేను ఆపితే, వాడు పక్క షాపుకు పోతడు. వాచ్‌మన్‌ను పెడితే, వానికి పది రూపాయలిచ్చి లోపటికి వస్తరు. రెండు నెలలల్ల స్టిక్కరు జాగాలు కిరాయికి ఇచ్చుడు మొదలైతది. ఇంటి ముందట రాళ్లు పెట్టి, కుర్చీలేసి, వంద రూపాయలకు జాగ అమ్మేటోళ్లు ఇప్పటికే ఉన్నరు. స్టిక్కరు వస్తే గా దందాకు ముద్ర పడ్తది.

తమ్మి భయానికి ఆధారముంది. అమలు చేసే మనిషి ఎవరో తేల్చకుండా కాగితం మీద పెట్టే నియమం, బలమున్నవాడి చేతికే ఆయుధమవుతుంది. చట్టం ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 117వ సెక్షన్ ప్రకారం బండ్లు ఎక్కడ ఆగవచ్చో నిర్ణయించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానిది, లేదా అది అధికారమిచ్చిన సంస్థది. స్థానిక సంస్థను సంప్రదించి నిర్ణయించాలి. అంటే గ్రామసభ తీర్మానం అవసరమే, కానీ దానితోనే పని పూర్తి కాదు; అది జిల్లా యంత్రాంగం దాకా పోవాలి. 2024 మొదట్లో సర్పంచుల పదవీకాలం ముగిశాక దాదాపు రెండేళ్లు గ్రామాలు ప్రత్యేకాధికారుల చేతిలో ఉన్నాయి. ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. అడగడానికి ఇప్పుడు ఊళ్లో మనిషి ఉన్నాడు. రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలని 2018 నాటి పంచాయతీరాజ్ చట్టం చెబుతోంది.

ఇక పైసల మాట. బెంగళూరుకు కర్ణాటక ప్రభుత్వం 2021లో ఆమోదించిన పార్కింగ్ విధానంలో ఇంటి ముందు రోడ్డు మీద కారు నిలపాలంటే ఏడాదికి రుసుము కట్టాలన్నారు. చిన్న కారుకు వెయ్యి, పెద్ద కారుకు ఐదు వేలు. అది కాగితం మీంచి వీధుల్లోకి దిగడానికి ఏళ్లు పడుతోంది. అయినా ఆ ఆలోచనలో న్యాయముంది. గల్లీలో కారు లేని ఇళ్లున్నాయి. వాళ్ల వాటా జాగాను కారున్న ఇల్లు వాడుకుంటున్నప్పుడు ఆ రుసుము గల్లీ దీపాలకో, మోరీకో, వాచ్‌మన్ జీతానికో పోవాలి. ఉచిత స్టిక్కరు అంటే కారు లేనివాడు కారున్నవాడికి ఇచ్చే కానుక.

అక్క: పైసలు కడ్త. నాకు అభ్యంతరం లేదు. నెలకింత అని పెట్టుమను. కని గుట్టకు వచ్చే ప్రతి కారు దగ్గర గూడ పైసలు తీసుకోవాలె. గా పైసలతోనే వాచ్‌మన్, గా పైసలతోనే కింద నుంచి ఫ్రీ బస్సు.

తమ్మి: గీడనే నాకు నీకు పడది. గల్లీల పెట్టేటోడు కట్టాలె, ఒప్పుకుంట. కని అవతల ఖాళీ జాగల పెట్టినోనితోని పైసలు తీసుకోవద్దు. అక్కడ ఫ్రీ ఉంటెనే వాడు గల్లీ ముఖం చూడడు. అక్కడ వంద పెడితే, వంద ఇయ్యలేనోడు మళ్ల నీ గేటు ముందటికే వస్తడు. యాదగిరిగుట్టల గదే లొల్లి.

అక్క: ఫ్రీ ఇస్తే బస్సు ఎవలు నడుపుతరు?

తమ్మి: దేవస్థానం నడుపాలె. హుండీ ఎవలది?

అక్క: హుండీ ముచ్చట మనం తేల్చేది కాదు. అర్జీల మన చేతుల ఉన్నదే రాద్దాం. రాసుకో. ఒకటి, అన్ని గేట్ల ముందట, గల్లీ ఒక దిక్కంత, పసుపు గీత. గా గీత మీద పెడితే చలాన్, అది ఎవలదైనా. స్టిక్కరున్నోడైనా, పోలీసోడైనా, నేనైనా.

తమ్మి: రాసిన.

అక్క: రెండు, గీత గీసినంకనే చోట్లు లెక్కపెట్టాలె. పన్నెండొస్తే పన్నెండు పర్మిట్లే. ఎక్కువ మంది అడిగితే చీటీలేసి తీయాలె, ఏడాదికోసారి. రోగమున్న ఇంటికి ముందుగాల.

తమ్మి: కిరాయోళ్ల పొయ్యి గూడ రాయి.

అక్క: నువ్వే రాస్తున్నవు గదా, రాయి. మూడు, షాపులకు పొద్దున తొమ్మిది దాక సామాను దించుకునే టైము. నాలుగు, అవతలి పంచాయతులను పిలిచి అడిగినంకనే తీర్మానం. ఐదు, బయటి కార్లకు రోడ్డవతల జాగ, రుసుముతోని.

తమ్మి: ఐదు రాస్త. కని "రుసుముతోని" అన్నది రాయను.

అక్క: గా ముక్క లేకుంటే బస్సు నడువది, నేను చెప్తున్న.

తమ్మి: గా ముక్క ఉంటే నేను సంతకం పెట్టను, నేను చెప్తున్న. నా ఒక్కంది కాదు, షాపులోళ్ల సంతకం ఒక్కటి రాదు. ఒట్టి ఇండ్లోళ్ల సంతకాలతోని పోతే సభల నిన్ను ఎవలన్న వింటరా?

అక్క: సభకు ఇంకా టైమున్నది. హోటలోన్ని పిలువు, వాని మాట గూడ విందాం. కని పసుపు గీత కాయితం మాత్రం ఇయ్యాల్నే ఇస్త, వేరే అర్జీల. శనివారం పొద్దుగాల ఆరింటికి బావను తోల్కపోవాలె.

తమ్మి: గా కాయితం ఇటు ఇయ్యి. దాని మీద ముందుగాల నేనే సంతకం పెడ్త.